నత్త మాకు నేర్పిన పాఠము

ఈ నెల మేము వ్రాయబోయేది ఒక నత్తను గురించి. పాస్టరుగారికి వ్రాయడానికి వేరే సంగతే దొరకలేదా అని నవ్వుకోకండి. ఆ నత్త వలన మా తప్పు ఒకటి మాకు తెలిసివచ్చింది. దాన్ని దాచుకోవడం కంటే చెప్పుకోవడమే మేలనిపించింది. మీలో ఏ ఒక్క కుటుంబానికి ఉపయోగపడినా మా ప్రయాస వ్యర్థం కాదు.

కాజీపేట అనగానే ఎవరికైనా రైలు జంక్షను గుర్తుకు వస్తుంది. మా సంఘములో సగంమంది రైల్వేవారే. మిగిలిన సగం చుట్టుపట్ల ఊళ్ళలో వ్యవసాయం చేసుకొని బ్రతికేవారు. హన్మకొండ దారిలో వడ్డేపల్లి చెరువు ఉంది. మడికొండ వైపు, ధర్మసాగరం వైపు కొంచెం దూరం వెళ్తే అన్నీ వరి మళ్ళే. తొలకరి పడగానే ఆ మళ్ళలో నత్తలు లేస్తాయి. కొందరు ఏరుకొని వండుకుంటారు. పిల్లలకు ఖాళీ గుల్లలు ఆటవస్తువులు. ఇన్నేళ్ళుగా వాటిని చూస్తున్నా, వాటి దగ్గర మనం నేర్చుకోవలసినది ఏదో ఉందని మాకు ఎన్నడూ తోచలేదు.

ముందు మా తప్పు చెప్పుకుంటాము.

ఆరు సంవత్సరాల క్రితం ధర్మసాగరం వైపు ఒక పల్లెలో బిడ్డను ఉయ్యాలలో వేసే కూడికకు వెళ్ళాము. ఇల్లంతా చుట్టాలు. తల్లి పక్కన మా సంఘములోని ఒక సహోదరి నిలబడి ఉంది. ఆమెకు పెండ్లయి అప్పటికి పదకొండు సంవత్సరాలు, సంతానం లేదు. పాట మొదలయ్యే వేళకు ఆమె బిడ్డను ఎత్తుకోబోయింది. ఒక ముసలమ్మ చటుక్కున బిడ్డను తీసుకొని ఇంకొకరి చేతికి ఇచ్చింది. ఏ మాటా అనలేదు. అనవలసిన పని లేదు, చూసినవారందరికీ అర్థమయింది. మాకు కూడా అర్థమయింది. అయినా మేము నోరు మెదపలేదు.

అది ఒక తప్పు. తర్వాత చేసినది దానికంటే పెద్దది. ఆమె కళ్ళనీళ్ళు చూసి ఓదార్చాలనుకున్నాము. ముగింపు ప్రార్థనలో ఆమె పేరు పెట్టి, ఆమె జీవితంలో తెలిసి గాని తెలియక గాని ఏదైనా పాపము అడ్డుగా ఉంటే తొలగించి గర్భఫలం ఇమ్మని గట్టిగా ప్రార్థించాము. అందరూ పెద్దగా ఆమేన్ అన్నారు. మంచి ప్రార్థన చేశామనుకొని భోజనానికి కూర్చున్నాము.

ఆ తర్వాతి ఆదివారం నుండి ఆమె చర్చికి రాలేదు. భర్త మాత్రం అప్పుడప్పుడు వచ్చేవాడు. అడిగితే "పని ఎక్కువ ఉంది అయ్యగారూ" అనేవాడు. ఆమె భక్తిలో చల్లారిపోయిందని మేము అనుకున్నాము. ఆ మాట సంఘ పెద్దలతో కూడా అన్నాము.

ఇక నత్త సంగతికి వస్తాము.

మా సంఘములోని ఒక యువకుడు కాకతీయ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నాడు. గత వానాకాలంలో, సండేస్కూలు పిల్లలకు సృష్టిలోని వింత ఏదైనా చూపించు బాబూ అని అడిగాము. అతడు ఒక ఖాళీ ఆవకాయ జాడీలో చెరువు నీళ్ళు పోసి, నాచు వేసి, నాలుగు చిన్న నత్తలను తెచ్చి మా కిటికీలో పెట్టాడు. గాజు జాడీ కాబట్టి లోపల జరిగేదంతా కనిపిస్తుంది.

అవి మళ్ళలో మనం చూసే పెద్ద నత్తలు కావు. మళ్ళలోని నత్తను శాస్త్రజ్ఞులు పైలా గ్లోబోసా అంటారు. దాని గుల్లకు మూత ఉంటుంది. ఎండాకాలం ఆ మూత బిగించుకొని బురదలో పడుకుంటుంది. వానలకు లేచి, గట్టు మట్టిలో గుంట చేసి తెల్లని గుడ్లు పెడుతుంది. వాటిలో ఆడది వేరు, మగది వేరు. జాడీలోనివి లిమ్నియా జాతి చెరువు నత్తలు. పలుచని గుల్ల, మూత ఉండదు, మాటిమాటికి నీటిపైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి. ఒక్క దేహంలోనే ఆడతనము, మగతనము రెండూ ఉంటాయి.

"అయ్యగారూ, మూడు రోజులు నీళ్ళు మార్చకండి. నాలుగో రోజు శుభ్రమైన బోరు నీళ్ళు పోసి చూడండి" అని ఆ అబ్బాయి చెప్పి వెళ్ళాడు. అలాగే చేశాము. మరుసటి ఉదయం మా శ్రీమతి పిలిచి చూపించింది. జాడీ లోపలి గోడకు పారదర్శకమైన జిగురు ముద్ద ఒకటి అంటుకొని ఉంది. నానబెట్టిన సబ్జా గింజల్లాగా దానిలో చిన్న చిన్న చుక్కలు. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క గుడ్డు. నీళ్ళు మార్చిన సంగతికి, గుడ్లు పెట్టడానికి ఏమి సంబంధము? సాయంత్రం ఆ అబ్బాయి వచ్చి కూర్చొని చెప్పిన సంగతులే ఇక్కడ మాకు తెలిసిన మాటల్లో వ్రాస్తున్నాము.

నత్తకు మనలాగా ఒకే ముద్దగా మెదడు ఉండదు. అన్నవాహిక చుట్టూ ఉంగరంలాగా కొన్ని నాడీ ముడులు ఉంటాయి. చెరువు నత్తలో నాడీకణాలు మొత్తం ఇరవై వేలకు అటూ ఇటూ. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్లు ఉన్నాయని లెక్క. మన ముందు అది ఏ పాటి? కాని ఆ కొద్ది కణాలలోనే కొన్నింటికి ఒక ప్రత్యేకమైన పని ఉంది. అవి అమైనో ఆమ్లాలను పూసల్లాగా గుచ్చి చిన్న చిన్న దండలు చేస్తాయి. ఆ దండలను పెప్టైడులు అంటారు. నాడీకణాలే తయారుచేస్తాయి గనుక న్యూరోపెప్టైడులు. అవి రక్తంలో కలిసి, దూరాన ఉన్న అవయవానికి వెళ్ళి, "ఇది సమయం, ఇక నీ పని మొదలుపెట్టు" అని చెప్తాయి. అంటే అవి కబుర్లు. మన ఒంట్లో హార్మోనులు చేసే పని కూడా ఇదే.

ఈ సంగతి మొదట తేటగా తెలిసినది సముద్రపు నత్త జాతిలో. సముద్రపు కుందేలు అని పిలిచే అప్లీసియా అనే జీవి ఉంది. నత్తకు చుట్టమే గాని పైకి గుల్ల కనబడదు. 1967లో ఇర్వింగ్ కుప్ఫర్‌మన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు దాని నాడీ ముడి మీద ఉన్న సంచివంటి కణాల గుంపును తీసి, నూరి, ఆ రసాన్ని ఇంకొక అప్లీసియాలోకి ఎక్కించాడు. అది గుడ్లు పెట్టింది. గుడ్లు పెట్టమనే మాట నాడీకణాల నుండే వస్తున్నదని అలా తేలింది. ఆ మాటలో 36 పూసలు ఉన్నాయని తర్వాత లెక్కపెట్టారు.

చెరువు నత్త మీద ఎక్కువ కృషి జరిగినది హాలండు దేశంలో, ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రైయె విశ్వవిద్యాలయంలో. దాన్ని 1880లో స్థాపించిన అబ్రాహాము కైపర్ ఒక ప్రొటెస్టెంటు సంఘకాపరి అని విని మాకు సంతోషం కలిగింది. అక్కడివారు నత్త మెదడులో నూరు కణాలు గల ఒక గుంపును కనిపెట్టారు. మామూలు రోజుల్లో అవి మౌనంగా ఉంటాయి. సమయం వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారే మేల్కొని, అరగంటకు పైగా ఆగకుండా మోగుతూ, తమ హార్మోనును రక్తంలోకి వదులుతాయి. దానిలో కూడా 36 పూసలే. అప్లీసియా దండతో చాలా చోట్ల కలుస్తుంది.

ఆ కబురు అందగానే నత్త ఏమి చేస్తుందో వింటే ఆడవారికి బాగా అర్థమవుతుంది. మొదట కొంతసేపు కదలకుండా ఆగిపోతుంది. తర్వాత గుల్లను అటూ ఇటూ తిప్పుతూ, గుడ్లు పెట్టబోయే చోటును నాలుకతో గీకి గీకి శుభ్రం చేస్తుంది. ఇది విని మా శ్రీమతి, "పురుటికి ముందు ఇల్లు అలుకుకున్నట్టు" అంది. గుడ్లు పెట్టిన తర్వాత కూడా వెంటనే పోదు, వాటిని తడిమి చూసి గాని కదలదు. ఆ నూరు కణాలు చేసే పెద్ద ప్రోటీను ఒకటి తెగి అనేక ముక్కలవుతుంది. ఒక ముక్క గుడ్లను విడుదల చేయిస్తుంది, మిగిలినవి మిగిలిన పనులకు తోడ్పడతాయి. శుభ్రమైన నీళ్ళు, శుభ్రమైన చోటు దొరికితే ఆ కణాలు త్వరగా మేల్కొంటాయట. మా జాడీలో జరిగినది అదే.

ఈ విద్యలో మనవారు కూడా వెనుకబడి లేరు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన ఆచార్య ఆర్. నాగభూషణం గారు అప్పటి ఔరంగాబాదులోని మరాఠ్వాడా విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ పీతలు, రొయ్యలు, గుల్లజీవుల నాడీకణాలు విడిచే స్రావాలపై తమ శిష్యులతో కలిసి విస్తారంగా పరిశోధించారు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మన మళ్ళలోని పైలా నత్త మీదనే ఏళ్ళ తరబడి పని జరిగింది.

ఇంతవరకు విని మేము, "బాగుంది బాబూ, నత్త సంగతి నత్తది, మన సంగతి మనది" అన్నాము. అతడు నవ్వి, "అయ్యగారూ, మీ ఊళ్ళో గేదెలకు పాల ఇంజెక్షన్ ఇచ్చేవారా?" అని అడిగాడు.

పల్లెలో పుట్టినవారికి ఆ సంగతి తెలియనిది కాదు. దూడ చచ్చిపోతే గేదె పాలు చేపదు. అప్పుడు కొందరు ఒక సూది వేస్తారు, వెంటనే పాలు దిగుతాయి. అలా పాల కోసం పశువుకు హాని కలిగేలా సూదులు పొడవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆ సూదిలోని మందు పేరు ఆక్సిటోసిన్. అది మనుషుల మెదడులోను పశువుల మెదడులోను పుట్టే హార్మోనే. దూడ పొదుగు కుమ్మినప్పుడు పాలు చేపించేది అది. తల్లికి నొప్పులు తెచ్చేది, కాన్పు తర్వాత గర్భసంచి ముడుచుకునేలా చేసేది కూడా అదే. అలాంటి గుణం మెదడు కింది గ్రంథి రసంలో ఉన్నదని 1906లో హెన్రీ డేల్ చూపించాడు. దాని పూసల వరుస కనిపెట్టి, ప్రయోగశాలలో మొదటగా తయారుచేసిన విన్సెంట్ డు విగ్నోకు 1955లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఆక్సిటోసిన్‌లో పూసలు తొమ్మిది. నత్తలో కూడా తొమ్మిది పూసల దండ ఒకటి ఉంది, దాని పేరు కోనోప్రెసిన్. దాన్ని మొదట 1987లో సముద్రపు శంఖు నత్త విషంలో కనుగొన్నారు. తర్వాత చెరువు నత్త నాడీ ముడుల్లో కూడా కనబడింది. ఆ అబ్బాయి కాగితం మీద రెండింటిని ఒకదాని కింద ఒకటి వ్రాసి చూపించాడు. తొమ్మిదింటిలో ఆరు పూసలు ఒకే చోట ఒకటే. మూడే తేడా. అయితే చెరువు నత్తలో అది గుడ్లకు కాదు, బీజం మోసే నాళాన్ని ముడుచుకునేలా చేసి మగతనపు పనికి తోడ్పడుతుంది.

మేము ఆ కాగితం వైపు చాలాసేపు చూశాము. మా రెండవ బిడ్డ పుట్టిన రాత్రి గుర్తుకు వచ్చింది. కాన్పు అయిన తర్వాత మా శ్రీమతికి రక్తం ఆగలేదు. నర్సమ్మ పరుగెత్తుకొని వచ్చి ఫ్రిజ్‌లోని మందు తీసి సూది వేసింది. మేము బయట వరండాలో మోకాళ్ళ మీద ఉన్నాము. కొంతసేపటికి ఆగింది. ఆ మందు ఇదే. ఆ రాత్రి మా ఇంటి దీపాన్ని నిలబెట్టిన దాని చిన్న చుట్టం చెరువులో పాకే నత్తలో ఉన్నది.

ఇంకొక హార్మోను సంగతి కూడా చెప్పాడు. స్త్రీకి నెల నెలా అండం విడుదల కావాలంటే మెదడు లోపలి నుండి ఒక కబురు రావాలి. దానిలో పది పూసలు. రోజర్ గిల్లెమిన్, ఆండ్రూ షాలీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పోటీపడి, ఒకరు గొర్రెల మెదళ్ళు, ఇంకొకరు పందుల మెదళ్ళు లక్షల కొద్దీ సేకరించి, 1971లో దాని వరుస తేల్చారు. 1977లో ఇద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది. అటువంటి దండే పన్నెండు పూసలతో అష్టపాదిలో ఉన్నదని 2002లో, అప్లీసియాలో ఉన్నదని 2008లో తెలిసింది. అయితే పోలిక ఉన్నంత మాత్రాన పని ఒకటే అనుకోకూడదు. అప్లీసియాకు దాన్ని ఎక్కించి చూస్తే గుడ్ల మీద ఏ ప్రభావం కనబడలేదు. మేత తగ్గింది, నడకలో మార్పు వచ్చింది, అంతే. ఒకే ఇంటిపేరు గలవారు వేర్వేరు ఊళ్ళలో వేర్వేరు పనులు చేసుకున్నట్టు.

ఆ తర్వాత అతడు చెప్పిన సంగతి విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మన గొర్రెలకాపరులకు కార్జపు జలగ బాగా తెలుసు. గొర్రెను కోసినప్పుడు కార్జంలో చదునుగా ఆకుల్లాగా కనబడుతుంది. ఆ జలగ గుడ్లు పెంటలో కలిసి నీటిలో పడతాయి. వాటి పిల్లలు చెరువు నత్తలో దూరి, అక్కడ పెరిగి, వందలుగా బయటికి వచ్చి గడ్డికి అంటుకుంటాయి. ఆ గడ్డి మేసిన గొర్రెకు, గేదెకు జబ్బు. ఇందుకే వానాకాలంలో చెరువు ముంపు గడ్డి మేపవద్దని పశువుల డాక్టర్లు చెప్తారు. గొర్రెకు నష్టమని మనకు తెలుసు. కాని నడుమ ఆ నత్తకు ఏమవుతుందని ఎవరు ఆలోచించారు?

హాలండువారు ఆలోచించారు. బాతులను పట్టే ఇలాంటి జలగ ఒకటి వారి చెరువు నత్తలో దూరితే, ఆ నత్త గుడ్లు పెట్టడం మానేస్తుంది. అయితే చిక్కిపోదు. పైగా మామూలు నత్తకంటే పెద్దగా పెరుగుతుంది. మరి గుడ్లు ఎందుకు పెట్టదు? నత్త మెదడులోని కణాలు హార్మోను చేస్తూనే ఉంటాయి. కాని జలగ ఉన్నందువల్ల నత్త దేహంలోనే వేరొక పదార్థం పుట్టి, ఆ హార్మోను మాట వినవలసినవారికి వినబడకుండా అడ్డుపడుతుంది. దానికి షిస్టోసోమిన్ అని పేరు పెట్టారు. గుడ్లకు పోవలసిన బలమంతా జలగ పిల్లలు పెరగడానికి పోతుంది. 1980ల చివర, 1990ల మొదట్లో ఈ సంగతులు వెల్లడి చేశారు.

"పైకి చూస్తే అదే అన్నింటికంటే బాగున్న నత్త అయ్యగారూ. మిగతా నత్తలకంటే నిగనిగలాడుతూ ఉంటుంది. లోపల దాని మాట దానికే వినబడకుండా పోయింది" అన్నాడు ఆ అబ్బాయి.

పైకి బాగానే ఉంది కదా, మరి కడుపు ఎందుకు పండలేదు? ఆ సహోదరిని గురించి ఊరంతా అన్న మాట ఇదే. మేము కూడా మనసులో అనుకున్నదే. కారణం కనబడకపోతే పాపమే కారణమని అనుకున్నాము. నత్త గుడ్లు పెట్టకపోతే శాస్త్రజ్ఞులు దానికి పాపం అంటగట్టలేదు. ఓపికగా కూర్చొని, లోపల ఏ కబురు ఎక్కడ ఆగిపోయిందో వెదికారు. ఒక నత్తకు దొరికిన ఆ మర్యాద మా సంఘములో ఒక సహోదరికి దొరకలేదు.

పరిశుద్ధ గ్రంథములో నత్త ప్రస్తావన ఎక్కడ ఉన్నదని ఆ రాత్రి వెదికాము. 58వ కీర్తనలో కనబడింది. నత్త మాట, వెలుగు చూడని పిండం మాట ఒకే వచనంలో పక్కపక్కనే ఉన్నాయి. ఎన్నోసార్లు చదివిన కీర్తన, ఎన్నడూ ఆగి చూడలేదు. అక్కడి నుండి మనసు హన్నా దగ్గరకు వెళ్ళింది. దేవాలయంలో ఏడుస్తున్న హన్నాను చూసి, తాగిన మత్తులో ఉన్నదని పొరబడినవాడు ఎవరు? దారిన పోయే అల్లరివాడు కాదు, యాజకుడైన ఏలీ. ఆ అధ్యాయం మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. ఏలీ స్థానంలో మమ్మల్ని మేము ఏనాడూ చూసుకోలేదు.

తెల్లవారి మా శ్రీమతిని తోడుగా తీసుకొని ఆ పల్లెకు వెళ్ళాము. ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతున్నది. మమ్మల్ని చూసి లేచి నిలబడి, పీట వేసి, నీళ్ళు ఇచ్చింది. మేము వెంటనే, "అమ్మా, ఆ రోజు మేము చేసిన ప్రార్థన తప్పు. నలుగురిలో నిన్ను అవమానపరిచాము. క్షమించమని అడగడానికి వచ్చాము" అన్నాము.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "అయ్యగారూ, నేను దేవుని మీద అలిగి రాకుండ ఉండలే. మీరు ప్రార్థన చేసేటప్పుడు నేను కండ్లు తెరిచి చూసిన. అందరు నా దిక్కే చూస్తుండ్రు. ఆ చూపులకు భయపడి రాలే."

ఆరేళ్ళుగా మేము చల్లారిపోయిందనుకున్న ఆ సహోదరి రోజూ ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటున్నదని అప్పుడు తెలిసింది. సండేస్కూలు పిల్లలు ఆమె దగ్గరకు వచ్చి పాటలు నేర్చుకొని పోతున్నారట. ఆ సంగతి మాకు తప్ప ఊళ్ళో అందరికీ తెలుసు.

మాటల్లో మాటగా నత్త సంగతి చెప్పాము. జలగ పట్టిన నత్త వరకు రాగానే ఆమె, "అంటే నేను జలగ పట్టిన నత్తనా అయ్యగారూ?" అంది. మాకు నోట మాట రాలేదు. మా శ్రీమతి మా వైపు కోపంగా చూసింది. కాని ఆమె నవ్వుతున్నది. "ఏమైతేంది, నత్తకైతే ఎవరు పాపం అంటగట్టకపోతిరి" అని చెరిగిన బియ్యం లోపలికి తీసుకుపోయింది. ఆ మాట నవ్వుతూ అన్నా మాకు తగలవలసిన చోటే తగిలింది.

మొదటిసారి వైద్యం మాట మా శ్రీమతే ఎత్తింది. పెండ్లయి పదిహేడేళ్ళు. మొక్కుబడులు, ఉపవాసాలు, నాటుమందులు అన్నీ అయ్యాయి. సరైన పరీక్ష మాత్రం ఒక్కటీ కాలేదు. భర్తకైతే పరీక్ష అవసరమన్న ఊహే లేదు. సంతానలేమికి కారణం భార్యలో ఉండవచ్చు, భర్తలో ఉండవచ్చు, ఇద్దరిలోను ఉండవచ్చునని చెప్పి ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ పడుతున్నారని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అంటే మన సంఘాలలో వరుసకు ఒకరిద్దరు ఉన్నట్టే. మనం చూడటం లేదు, వారు చెప్పుకోవడం లేదు.

ఇద్దరికీ పరీక్షలు జరిగాయి. ఆయనకు లోపం లేదు. ఆమె రక్తంలో ప్రొలాక్టిన్ అనే హార్మోను ఉండవలసినదానికంటే బాగా ఎక్కువగా ఉన్నదని తేలింది. అది బాలింతలకు పాలు తయారుచేసే హార్మోను. బిడ్డ లేనప్పుడు కూడా అది పెరిగిపోతే, అండం విడుదల చేయమనే ఆ పది పూసల కబురును మెదడులోనే అణచివేస్తుంది. డాక్టరమ్మ ఈ మాట చెప్తుంటే మేము మా శ్రీమతి ముఖం చూశాము. నత్తలో అడ్డుపడే పదార్థం వేరు, ఇది వేరు. జరిగే తీరు వేరు. కాని సంగతి ఒకటే. పైకి నిండుగా ఉన్న దేహంలో ఒక చిన్న కబురు దారిలో ఆగిపోయింది. పదిహేడేళ్ళ నిందకు వెనుక ఉన్నది ఇది. మాత్రలతో చాలామందిలో అది అదుపులోకి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. వయస్సు పైబడింది గనుక ఆశ ఎంతవరకు పెట్టుకోవచ్చో కూడా దాచకుండా చెప్పింది.

బిడ్డ కలిగిందా అని మీరు అడుగుతారు. ఇది వ్రాసే నాటికి కలగలేదు. కలుగుతుందని మేము వాగ్దానం చేయలేము. వైద్యానికి లొంగని కారణాలు కూడా ఉంటాయి. కాని మందు మొదలుపెట్టిన తర్వాత ఆమె మా శ్రీమతితో అన్న మాట వేరు. "బిడ్డ సంగతి దేవునికి ఎరుక అమ్మగారూ. నా తప్పు కాదని కాగితం మీద వచ్చింది, అది చాలు. ఆ కాగితం మా అత్తమ్మకు చదివి వినిపించిన" అందట. ఆమె అనుమతితోనే ఇదంతా వ్రాస్తున్నాము. పేరు, ఊరు మాత్రం వ్రాయడం లేదు.

మా సంఘములో ఇప్పుడు మూడు సంగతులు మార్చుకున్నాము. ఎవరి గర్భాన్ని గురించీ, ఎవరి జబ్బును గురించీ వారిని అడగకుండా నలుగురిలో పేరుపెట్టి ప్రార్థించము. పెండ్లయి ఏడాది రెండేళ్ళు దాటినా సంతానం లేదని బాధపడేవారు వస్తే, ప్రార్థనతో పాటు ఇద్దరినీ డాక్టరు దగ్గరకు వెళ్ళమని చెప్తాము. గొడ్రాలు అనే మాట మా కూడికల్లో ఎవరి నోట వచ్చినా, అది పెద్దవారైనా సరే, అక్కడే ఆపుతాము. ఇది చివరిది అన్నిటికంటే కష్టంగా ఉంది.

ఆ జాడీలోని గుడ్లు రెండు వారాలకు పొదిగాయి. ఆవగింజంత పిల్లలు గాజు మీద పాకుతుంటే సండేస్కూలు పిల్లలు చూడటానికి పోటీపడ్డారు. ముట్టుకున్నవారి చేతులు సబ్బుతో కడిగించాము. ఒక ఆదివారం సాయంత్రం వాటినన్నింటినీ, అవి ఏ చెరువు నుండి వచ్చాయో ఆ చెరువులోనే వదిలి వచ్చాము.

పోయిన నెలలో మళ్ళీ ఆ పల్లెలో ఉయ్యాల కూడిక జరిగింది. పాట మొదలయ్యే వేళకు మా శ్రీమతి బిడ్డను తల్లి ఒడిలో నుండి తీసుకొని, తిన్నగా వెళ్ళి ఆ సహోదరి చేతుల్లో పెట్టింది. ఆ ముసలమ్మ కూడా అక్కడే ఉంది. ఏదో అనబోయి మా వైపు చూసింది. ఈసారి మేము చూపు తిప్పుకోలేదు. ఆ సహోదరి బిడ్డను ఉయ్యాలలో వేసి, మొదటి ఊపు ఊపింది.